పాటలు అచ్చయిన ఊరు

ఖరగ్‌పూర్ నుండి హౌరాకు సుమారు 115 కిలోమీటర్లు. తెల్లవారుజామున బయలుదేరే లోకల్ రైలులో కిటికీ పక్కన కూర్చున్న ఒక వృద్ధుని ఒడిలో గుడ్డసంచి ఉన్నది. సంచిలో పాత చీర ముక్కలో చుట్టిన పద్నాలుగు క్యాసెట్లు, రెండు అట్టల మధ్య కట్టిన ఆరు గ్రామఫోను రికార్డులు. రైల్వే వర్క్‌షాపు వెలసిన నాటి నుండి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆయనది అటువంటి కుటుంబమే. తండ్రి రైల్వేలో పనిచేశాడు, తానూ రైల్వేలోనే పనిచేసి విశ్రాంతి తీసుకున్నాడు. ఇంటిలోని టేప్ రికార్డరు మూలపడి ఏళ్లు గడిచాయి. ఆ క్యాసెట్లలో ఒకదానిలో, 1985 సంక్రాంతినాడు రైల్వే క్వార్టరులో రికార్డు చేసిన తల్లి పాటలు ఉన్నాయి. తల్లి 1998లో కన్నుమూసింది. ఆమె గొంతు ఈ లోకంలో మిగిలివున్నది ఆ ఒక్క క్యాసెట్టులోనే.

ఆయన కోల్‌కతాకు వెళుతున్నది ఒక పాత క్యాసెట్ డెక్కు కొనడానికి, రికార్డులు తిప్పే యంత్రమొకటి చూసుకోవడానికి. ఇంటిలో మనుమడు వాడి వదిలిన కంప్యూటరు ఉన్నది. దానిలోకి ఈ పాటలన్నింటినీ ఎక్కించాలన్నది ఆయన సంకల్పం. ఇందుకు ఆయన ఎంచుకున్న నగరం కూడా సరైనదే. భారతదేశంలో పాట మొట్టమొదట పళ్లెంమీదికి ఎక్కినది ఆ నగరంలోనే.

1902 నాటి గొంతు

1902 సంవత్సరం చివరి నెలలలో ఫ్రెడరిక్ విలియం గైస్‌బర్గ్ అనే అమెరికన్ సాంకేతిక నిపుణుడు లండన్ గ్రామఫోను కంపెనీ తరఫున కలకత్తా రేవులో దిగాడు. ఒక హోటలులో గదులు తీసుకొని, అక్కడే తన యంత్రాన్ని నిలబెట్టాడు. మైక్రోఫోను లేని రోజులవి. పాడేవారు ఒక పెద్ద లోహపు బాకాలో తల దూర్చినట్లుగా నిలబడి గొంతెత్తి పాడాలి. ఆ గాలి అదురు ఒక సూదిని కదిలిస్తే, ఆ సూది మైనపు పళ్లెంమీద గీతలు గీస్తుంది. గంటల తరబడి సాగే రాగాన్ని మూడు నిమిషాలలో ముగించాలి. తప్పుపోతే మళ్లీ మొదటినుండి పాడాలి.

నాటి గాయనులలో అగ్రగణ్య గౌహర్ జాన్. 1873లో ఆజంగఢ్‌లో పుట్టి, కలకత్తాలో కీర్తి గడించి, 1930లో మైసూరులో మరణించిన ఈ విదుషి ఆ నవంబరులో గైస్‌బర్గ్ బాకా ముందు నిలిచి పాడింది. పాట ముగియగానే ఆమె ఇంగ్లీషులో తన పేరు తానే స్పష్టంగా చెప్పేది. అది అతిశయం కాదు. ఆ మైనపు పళ్లేలు ఓడలో జర్మనీలోని హానోవర్ నగరానికి వెళ్లి, అక్కడి కర్మాగారంలో రికార్డులుగా అచ్చయి తిరిగి వచ్చేవి. అక్కడి పనివారికి ఈ దేశపు భాషలు తెలియవు. ఏ పళ్లెం ఎవరిదో పొరపాటు పడకుండా ఉండేందుకే గాయకులు తమ పేరు చెప్పే ఆచారం ఏర్పడిందని చరిత్రకారులు వివరిస్తారు. వందేళ్లు దాటిన తరువాత కూడా ఆమెను గుర్తించడానికి వేరే సాక్ష్యం అక్కరలేదు. రికార్డు పెడితే ఆమె పేరు ఆమే చెబుతుంది.

అందరికీ ఆ అదృష్టం పట్టలేదు. కలకత్తాలోనే హేమేంద్ర మోహన్ బోస్ అనే వర్తకుడు 1906 ప్రాంతాలలో మైనపు సిలిండర్లమీద స్వదేశీ రికార్డింగులు చేశాడు. రవీంద్రనాథ ఠాగూరు గొంతును కూడా ఆయన పట్టి ఉంచాడు. ఆ సిలిండర్లలో అధికభాగం నేడు దొరకదు. మైనం కరిగిపోయింది, బూజు పట్టింది, పగిలిపోయింది. గొంతు పట్టి ఉంచగానే అది శాశ్వతమైపోదన్న సంగతిని ఈ నగరం తొలినాళ్లలోనే చవిచూసింది.

లక్కతో చేసిన సంగీతం

1908లో కలకత్తాలోని సియాల్దాలో రికార్డులను అచ్చువేసే కర్మాగారం వెలసింది. 1920ల చివరికి అది నగరానికి ఈశాన్యాన ఉన్న దమ్‌దమ్‌కు మారింది. రికార్డుకు ప్రధానమైన ముడిసరుకు లక్క. గాజులకు, ముద్రలకు మనవారు వాడే ఆ లక్కే. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మలమీద లక్కపురుగులు స్రవించే జిగురును శుద్ధిచేసి, దానికి రాతిపొడి, మసి, నూలు పీచు కలిపి, వేడిచేసి, అచ్చులో ఒత్తితే నల్లని పళ్లెం తయారవుతుంది. లక్క విస్తారంగా పండే ఛోటానాగ్‌పూర్ అడవులు కలకత్తాకు దూరం కావు. రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో 1920లలోనే లక్క పరిశోధన సంస్థ నెలకొన్నది. అడవిలోని పురుగుకు, దర్బారులోని గాయనికి ఇలా చుట్టరికం కలిసింది.

దమ్‌దమ్ కథ బెంగాలీలది మాత్రమే కాదు. మద్రాసులో పాడిన తెలుగు పాటలు, నాటక పద్యాలు కూడా ఇక్కడ అచ్చయి, రైళ్లలో తిరిగి దక్షిణాదికి చేరేవి. బెజవాడలోనో రాజమండ్రిలోనో హోటలు ముందు గుమిగూడి కృష్ణ రాయబారం పద్యాలు విన్నవారికి, ఆ ‘ప్లేటు’ పుట్టిన ఊరు బెంగాల్‌లో ఉన్నదని తెలియకపోవచ్చు. లేబులు మీది చిన్న అక్షరాలు చదివినవారికి మాత్రం దమ్‌దమ్ అనే పేరు సుపరిచితం.

నేడు జెస్సోర్ రోడ్డుమీద వెళ్లే ప్రయాణికునికి ఆ అచ్చుయంత్రాల మోత వినిపించదు. లక్క పళ్లెం పోయి వినైల్ వచ్చింది, వినైల్ తరువాత క్యాసెట్టు, దాని తరువాత సి.డి. వచ్చాయి. గ్రామఫోన్ కంపెనీ 2000లో సరెగమ అని పేరు మార్చుకున్నది. అదే సంస్థ 2017లో ఐదువేల పాత హిందీ పాటలను రేడియో ఆకారంలో ఉన్న ఒక పెట్టెలో నింపి అమ్మింది. కంపెనీ వద్ద ఉన్న పాటలకు కంపెనీ ఉన్నది. ఇంటిలో రికార్డు చేసిన పాటకు ఇంటివారే దిక్కు.

పాత సామానుల వీధులు

చౌరంగీకి దగ్గరలో ఫ్రీ స్కూల్ స్ట్రీట్ ఉన్నది. దాని నేటి పేరు మీర్జా గాలిబ్ స్ట్రీట్. పాత పుస్తకాలకు, పాత రికార్డులకు అది పేరుపొందిన వీధి. దుకాణంలో నేల నుండి కప్పుదాకా నిలువుగా పేర్చిన రికార్డులే. వాటిని పడుకోబెట్టి దొంతర పెడితే కింది వాటిమీద బరువుపడి వంకరపోతాయి గనుక, తెలిసినవారు నిలబెట్టే ఉంచుతారు. గంగాతీరపు తేమకు అట్టలమీద తెల్లని బూజు లేచి ఉంటుంది. వర్షాకాలంలో దుకాణదారుకు దుమ్ముకంటె బూజుతోనే పోరాటం ఎక్కువ.

ఖరగ్‌పూర్ నుండి వచ్చిన వృద్ధుడు అక్కడ తన ఆరు రికార్డులను విప్పి చూపించాడు. నాలుగు లక్క పళ్లేలు, రెండు వినైల్‌వి. దుకాణదారు వాటిని అంచులు మాత్రమే పట్టుకొని, వెలుతురుకు ఎదురుగా ఏటవాలుగా తిప్పి చూశాడు. లక్కవాటిని స్పిరిట్‌తో తుడవరాదని ముందుగా హెచ్చరించాడు. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది, తుడిచిన గుడ్డకు పాట అంటుకొని వస్తుంది. శుద్ధమైన నీరు, మెత్తని కుంచె చాలు, లేబులు తడవకూడదు. ఇక ముల్లు సంగతి. నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క రికార్డు గాడి వెడల్పైనది, ఎల్.పి. రికార్డు గాడి దానిలో దాదాపు మూడవవంతు మాత్రమే. ఒకదాని ముల్లు మరొకదానికి వాడితే పాటా చెడుతుంది, ముల్లూ చెడుతుంది. రెండు ముళ్లు మార్చుకునే వీలుగల యంత్రాన్ని ఆయన అక్కడే బేరమాడి తీసుకున్నాడు.

క్యాసెట్ డెక్కు చాందినీ చౌక్ బజారులో దొరికింది. ఎలక్ట్రానిక్ సామానులకు కోల్‌కతాలో అది పెట్టింది పేరు. విడిభాగాలు కుప్పలుగా పోసిన ఒక సందులో, ఒక మెకానిక్కు రబ్బరు బెల్టు మార్చి, టేపు తాకే తలను దూదితో తుడిచి, పాత సినిమా క్యాసెట్టు ఒకటి పెట్టి వినిపించాడు. తలపక్కన ఉండే చిన్న మరను వెంట్రుకవాసి తిప్పగానే ముసుగు వేసినట్లున్న పాట ఒక్కసారిగా తేటపడింది. ఏ యంత్రంమీద రికార్డు చేశారో ఆ యంత్రపు తల ఎంత వాలి ఉండేదో, వినిపించే యంత్రపు తలా అంతే వాలి ఉండాలి. ప్రతి క్యాసెట్టుకూ ఈ మరను చెవితో సరిచూసుకోవాలని ఆ మెకానిక్కు నేర్పి పంపించాడు.

గీతలు అంకెలుగా

రికార్డుమీది పాట ఒక వంకర గీత. క్యాసెట్టులోని పాట, నాలుగు మిల్లీమీటర్లకు లోపు వెడల్పుగల పట్టీమీద ఇనుప తుప్పు రేణువులకు అంటిన అయస్కాంత శక్తి. కంప్యూటరు ఈ రెండింటినీ అంకెలుగా మారుస్తుంది. యంత్రంనుండి వచ్చే విద్యుత్తు అల ఎంత ఎత్తున ఉన్నదో క్షణక్షణం కొలిచి రాసుకుంటుంది. సి.డి.కి సెకనుకు 44,100 సార్లు కొలుస్తారు. పాటల భాండాగారాలలో సెకనుకు 96,000 సార్లు కొలిచే పద్ధతి కూడా ఉన్నది. ఆ లెక్కన 24 బిట్ల సూక్ష్మతతో ఒక గంట పాటకు రెండు గిగాబైట్ల చోటు పడుతుంది. చోటు ఎక్కువని దానిని మొదటనే కుదించి దాచుకోవడం తెలివితక్కువ. కుదించినప్పుడు పోయినది మళ్లీ రాదు. పూర్తి ప్రతిని ముందు దాచి, వినడానికి చిన్న ప్రతిని వేరుగా చేసుకోవాలి.

ఖరగ్‌పూర్‌కు తిరిగివచ్చిన వృద్ధుడు మొదట రికార్డులతో చేయి తిప్పుకున్నాడు. పైకం పెట్టకుండా దొరికే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేరును మనుమడు ఫోనులోనే నేర్పించాడు. పాటలో అతి బిగ్గరగా వచ్చే చోటును ముందు విని, అక్కడకూడా గీత పై అంచును తాకకుండా శబ్దాన్ని అమర్చుకోవాలి. అంచు దాటిన అల తెగిపోతుంది, తరువాత ఎవరూ అతికించలేరు. టిక్కు టిక్కుమనే గీతల చప్పుడును సాఫ్ట్‌వేరు వెదికి తీసివేయగలదు. కాని దానికి గీత చప్పుడుకు, తబలా దెబ్బకు భేదం ఎల్లప్పుడూ తెలియదు. ఒక పాటలో చప్పుళ్లన్నీ పోయాయని సంతోషించేలోగా తబలా కూడా సగం పోయిందని ఆయన గ్రహించాడు. ఆనాటి నుండి అసలు ప్రతిని ముట్టుకోకూడదనే నియమం పెట్టుకున్నాడు.

చివరికి తల్లి క్యాసెట్టు వంతు వచ్చింది. టేపును తలకు ఆనించి ఉంచే చిన్న స్పాంజి మెత్త ఊడిపోయి ఉన్నది. ఆ క్యాసెట్టుకు మరలు లేవు, రెండు డొక్కులూ అతికి ఉన్నాయి. బ్లేడుతో అంచు వెంబడి కోసి, లోపలి రెండు చక్రాలను టేపుతో సహా ఎత్తి, మరలున్న మరొక క్యాసెట్టు డొక్కులో కూర్చవలసి వచ్చింది. ఆ పనికి ఒక మధ్యాహ్నమంతా పట్టింది. తరువాత పెన్సిలు దూర్చి టేపును ఈ చివరి నుండి ఆ చివరిదాకా నెమ్మదిగా చేతితో తిప్పాడు. ఎన్నో ఏళ్లుగా కదలని టేపు పొరలు ఒకదానికొకటి అంటుకొని ఉంటే యంత్రం లాగినప్పుడు తెగవచ్చును. ఈసారి వినడమే చివరిసారి కావచ్చుననే భయంతో, ముందు కంప్యూటరులో రికార్డింగు మొదలుపెట్టి, ఆ తరువాతనే డెక్కు మీట నొక్కాడు.

ఎవరి గొంతు?

ముందు టేపు బుసబుసలు. పాత్రల చప్పుడు. దూరాన ఒక ఇంజను కూత. ఆ తరువాత ఒక స్త్రీ గొంతు గొబ్బిపాట ఎత్తుకున్నది.

గొంతు సన్నగా ఉన్నది. ఆయనకు జ్ఞాపకమున్న తల్లి గొంతుకంటె సన్నగా, కాస్త వణుకుతో ఉన్నది. నాటి టేప్ రికార్డరు బ్యాటరీలమీద మందంగా తిరిగి ఉంటుందని, అందువల్ల ఈనాటి డెక్కుమీద పాట వేగంగా వినిపిస్తున్నదని ఆయన తీర్మానించుకున్నాడు. ఊహ సమంజసమైనదే. వేగం మారితే శ్రుతి మారుతుంది. పాత రికార్డులను కంప్యూటరుకు ఎక్కించేవారు మొట్టమొదట సరిచూసేది అదే. ఆయన సాఫ్ట్‌వేరులో వేగాన్ని కొద్దిగా తగ్గించాడు. మొదటి పాటలోని గొంతు తల్లి గొంతుకు దగ్గరపడింది. రెండవ పాటలో మాత్రం గొంతు బొంగురుపోయినట్లుగా ఉన్నది. టేపు పాతబడి చెడిందనుకొని ఊరుకున్నాడు. ‘అమ్మ’ అని పేరుపెట్టి దాచాడు.

విజయనగరంలో ఆయన పినతల్లి ఉన్నది. వయస్సు ఎనభై రెండు. ఆ ఇంటిలోని పిల్లల ఫోనుకు పాటను పంపాడు. పంపేటప్పుడు పొరపాటున వేగం తగ్గించిన ప్రతికి బదులు అసలు ప్రతి వెళ్లింది. మరుసటి రోజు ఆమె ఫోను చేసింది.

“ఒరే నాయనా, మొదటి పాట మీ అమ్మది కాదురా. మా అమ్మ పాడింది.”

“అమ్మమ్మా? నిజమేనా పిన్నీ?”

“నేను పోల్చుకోలేనురా మా అమ్మ గొంతు? ఆ ఏడు పండక్కి మా అమ్మను మీ అమ్మ ఖరగ్‌పూర్ తీసుకువెళ్లింది. నువ్వప్పుడు చక్రధర్‌పూర్‌లో ఉద్యోగంలో ఉన్నావు, సెలవు దొరకలేదని రాలేదు. రెండో పాటనుంచీ మీ అమ్మ.”

అమ్మమ్మ 1987లో పోయింది. ఆమె పాట ఎక్కడైనా మిగిలి ఉన్నదని కుటుంబంలో ఎవరికీ తెలియదు. ముప్పై ఎనిమిది ఏళ్లకు పైగా ఆ గొంతు ఒక ఇనుప బీరువాలో, ఒక చీర ముక్కలో ఉన్నది. తీరా బయటకు వచ్చినప్పుడు, దానిని మరొకరి గొంతుగా మార్చడానికి కంప్యూటరులో మీట ఒకటి నొక్కితే సరిపోయింది. యంత్రం తప్పు చేయలేదు. అడిగినది చేసింది. ఆ గొంతు ఎవరిదో చెప్పగలిగినది మాత్రం విజయనగరంలో ఉన్న ఎనభై రెండేళ్ల ఆమె ఒక్కతే. ఈ పనికి మరి నాలుగేళ్లు ఆలస్యమై ఉంటే ఆ మాట చెప్పేవారు ఉండేవారో లేదో.

వేగం తగ్గించిన ప్రతిని ఆయన ఆ రాత్రే చెరిపివేశాడు. టేపు బుసబుసలను తగ్గించి, పిల్లలు వినడానికి వేరొక ప్రతి తయారుచేద్దామని ప్రయత్నించాడు. బుస మాత్రమే ఉన్న రెండు మూడు సెకన్లను చూపిస్తే సాఫ్ట్‌వేరు దాని స్వభావాన్ని గ్రహించి పాటంతటినుండి తీసివేస్తుంది. బుస పోయింది. దానితోపాటు పాటలోని ‘స’కారాలు, చరణానికి చరణానికి నడుమ అమ్మమ్మ తీసుకున్న ఊపిరి కూడా పోయాయి. ఇంజను కూత నీళ్లలోనుండి వచ్చినట్లు వినిపించింది. ఆయన తగ్గింపును సగానికి సగం చేసి, ఊపిరి తిరిగి వినిపించేదాకా వెనక్కు తీసుకువచ్చి, అక్కడ ఆపాడు.

పేరు రాసి పెట్టడం

కోల్‌కతాలోని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో, 2003లో ఏర్పడిన సాంస్కృతిక గ్రంథ, ధ్వని భాండాగార విభాగం ఉత్తరాది శాస్త్రీయ సంగీతపు పాత రికార్డింగులను కంప్యూటరులోకి ఎక్కించి భద్రపరుస్తున్నది. హర్యానాలోని గురుగ్రామ్‌లో, 1982లో స్థాపితమైన సంగీత పరిశోధన భాండాగారం దేశం నలుమూలల జానపద, శాస్త్రీయ సంగీతాన్ని కాపాడుతున్నది. ముంబయిలో 1990 నుండి రికార్డు సేకర్తల సంఘం ఒకటి ఈ కృషిలోనే ఉన్నది. ఇటువంటి చోట్ల పాటను ఎక్కించడం ఎంత పనో, దాని వివరాలు రాయడం అంతకంటె పెద్ద పని. ఎవరు పాడారు, ఎక్కడ, ఎప్పుడు, ఏ యంత్రంమీద, ఏ వేగంలో ఎక్కించారు, ఏమి మార్చారు, ఇవన్నీ పాటతోపాటు ఉండాలి. పేరులేని పాట వేలాది పాటల నడుమ తప్పిపోయిన పిల్లవాని వంటిది.

ఇళ్లలో ఈ పని చేసేవారికి కూడా ఇదే నియమం. మూడు ప్రతులు ఉంచుకోవాలి. వాటిలో ఒకటి వేరే ఊరిలో ఉండాలి. డిస్కులు కూడా చెడిపోతాయి గనుక ఏడాదికి ఒకసారి తెరిచి చూసుకోవాలి. అసలు క్యాసెట్టును పారవేయకూడదు. అన్నింటికంటె ముందుగా, ఆ గొంతులను పోల్చగలిగిన పెద్దలను కూర్చోబెట్టి వినిపించాలి. క్యాసెట్టు ఇంకా కొన్నేళ్లు ఓపిక పట్టవచ్చును. పెద్దల విషయంలో అంత ధీమా పనికిరాదు.

ఖరగ్‌పూర్ వృద్ధుడు చివరగా మరొక పని చేశాడు. పాటకు ముందు, విడిగా, తన గొంతుతో కొన్ని మాటలు రికార్డు చేసి చేర్చాడు. మొదటి పాట పాడినది తన అమ్మమ్మ అని, తరువాతి పాటలు తన తల్లి పాడినవని, ఇద్దరి పేర్లు, పుట్టిన ఊళ్లు చెప్పాడు. 1985 సంక్రాంతి అని, ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టరు అని, పోల్చినది పిన్ని అని చెప్పాడు. నూట ఇరవై ఏళ్ల కిందట కలకత్తాలో ఒక గాయని బాకా ముందు నిలబడి తన పేరు తానే చెప్పుకున్నది. ఆ ఇద్దరు ఇల్లాళ్లకు ఆ అవకాశం రాలేదు.

ఆ ప్రతిని ఆయన విజయనగరానికి పంపాడు. పినతల్లి దానిని రెండుసార్లు వినిపించుకొని, మూడవ పాట తనకు కూడా వచ్చునని, ఫోను దగ్గరగా పట్టుకోమని పిల్లలకు చెప్పింది.